ఎక్స్‌పీరియెన్స్ లేదా? అయితే రెజ్యూమెలో ఏం రాయాలి

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట... ఎక్కడి నుంచి చూస్తున్నా స్వాగతం. ఈ ఎపిసోడ్ బీటెక్ అయిపోయి ఇంకా జాబ్ రానోళ్ళకు, ఫైనల్ ఇయర్‌లో ఉండి భయం మొదలైనోళ్ళకు. టాపిక్ ఒక్కటే. ఎక్స్‌పీరియెన్స్ లేదు, ఇంటర్న్‌షిప్ లేదు, కాలేజీకి పెద్ద పేరు లేదు. మరి రెజ్యూమెలో ఏం రాయాలి?

మాది నల్గొండ జిల్లానే. హైదరాబాద్‌లో నేను పని చేసే చోట ఫ్రెషర్స్ ఇంటర్వ్యూల్లో కూర్చుంటా. అందుకని మన దిక్కు పిల్లలు 'అన్నా, ఒకసారి నా రెజ్యూమె చూడు' అని పంపుతుంటారు. చాలానే చూసిన. చూసి చూసి నాకు అర్థమైంది ఏందంటే, మనోళ్ళు ఉన్నది వదిలేసి లేనిది రాస్తున్నరు. ఈ రోజు మొత్తం దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మామూలుగా నాకు వచ్చే రెజ్యూమె ఎట్లుంటదో చెప్తా. బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపు ఉంటది కదా, అక్కడ చేయిస్తరు. ఆ షాపాయన కంప్యూటర్‌లో ఒక వర్డ్ ఫైల్ ఉంటది. ఎన్నేళ్ళ కిందటిదో ఆయనకే తెల్వదు. పేరు మారుస్తడు, ఫోన్ నంబర్ మారుస్తడు, ఫోటో అతికిస్తడు, ప్రింట్ కొడ్తడు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్: 'టు వర్క్ ఇన్ ఎ చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్...' అని మూడు లైన్లు. మధ్యలో మార్కుల టేబుల్. కింద స్ట్రెంగ్త్స్: హార్డ్ వర్కింగ్, క్విక్ లర్నర్, పాజిటివ్ యాటిట్యూడ్. హాబీలు: క్రికెట్, పాటలు వినడం. ఆఖరికి తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్ళయిందా లేదా, శాశ్వత చిరునామా, 'ఐ హియర్‌బై డిక్లేర్' అని ప్రమాణం, కింద సంతకం. ఎత్తు, గోత్రం రాస్తే పెళ్ళి సంబంధాలకు కూడా పనికొస్తది.

నేను ఆ షాపాయనను తప్పు పట్టను. ఆయన జిరాక్సులు తీసుకునే మనిషి, మీరు ఏం చదివిన్రో ఆయనకేం తెలుసు? ఇబ్బంది ఏందంటే, ఆ ఫైల్‌లో మీ పేరు తీసి మీ క్లాస్‌మేట్ పేరు పెట్టినా ఏం తేడా రాదు. అవతల కూర్చున్న మనిషికి మిమ్మల్ని గుర్తుపెట్టుకునే ఒక్క ముక్క కూడా దొరకదు. అమెరికాలో ల్యాడర్స్ అని ఒక జాబ్ సైట్ ఉంది. రెజ్యూమె చదివేటప్పుడు రిక్రూటర్ల కళ్ళు ఎక్కడెక్కడ తిరుగుతున్నయో వాళ్ళు మెషీన్ పెట్టి చూసిన్రు. 2018లో వాళ్ళు చెప్పిన లెక్క, మొదటి చూపుకు సగటున 7.4 సెకన్లు. మన దగ్గర ఒక ఉద్యోగానికి వందల రెజ్యూమెలు వస్తయి, ఇంకా తక్కువే అనుకోండి. ఆ ఏడు సెకన్లు 'చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్' చదవడానికే పోతే మీరేం చేసిన్రో చదివేదెప్పుడు?

అందుకని ఆబ్జెక్టివ్ తీసేయండి. మతం, పెళ్ళి, తండ్రి వృత్తి, డిక్లరేషన్ తీసేయండి. అడిగితే తప్ప ఫోటో కూడా వద్దు. ఇంకో ముఖ్యమైన మాట, కొందరు ఆధార్ నంబర్, పాన్ నంబర్ కూడా రాస్తున్నరు. దయచేసి వద్దు. మీ రెజ్యూమె ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతదో మీకు తెల్వదు.

ఇవన్నీ తీసేస్తే పేజీ సగం ఖాళీ అయితది. అప్పుడు భయం పుడ్తది, 'అన్నా, ఇప్పుడు ఏం రాయాలె?' అని.

ఒక ఉదాహరణ చెప్తా. దేవరకొండ దిక్కు ఒక చెల్లె, ఈఈఈ చదివింది. ఆమె పంపిన రెజ్యూమెలో స్కిల్స్ అని పెద్ద వరుస ఉంది: సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్. ఫోన్ చేసి, 'వీటిలో దేంట్లో అయినా నా ముందు కూర్చొని ఇరవై లైన్లు రాస్తవా?' అని అడిగిన. చప్పుడు లేదు. సరే అని మాట మార్చిన.

'నీ చేతితో ఏదన్నా బాగు చేసినవా?'

'ఏం లేదన్నా.'

'ఇంటి కాడ ఏముంది?'

'బత్తాయి తోట. బోరు మోటర్ ఊకె కాలిపోతుండె. ఏడాదిల మూడుసార్లు వైండింగ్ చేయించినం. నాయిన ఒక్కటే తిట్లు.'

'ఎందుకు కాలిపోతుందో చూసినవా మరి?'

'చూసిన. స్టార్టర్ డబ్బా కాడ మీటర్ పెట్టి మూడు ఫేజులు రోజూ రాసుకున్న. రెండు ఫేజులు బానే ఉన్నయి, 225 దాకా వస్తుండె. ఒకటి 180 కాడనే ఆగుతుండె. మూడు వారాలు రాసి ఆ నోట్‌బుక్ లైన్‌మన్ అన్నకు చూపెట్టిన. ట్రాన్స్‌ఫార్మర్ కాడ కనెక్షన్ లూజుందని బిగించిండు. అప్పట్నుంచి కాలలే.'

'ఎన్ని రోజులైంది?'

'ఏడు నెలలు.'

నేను కాసేపు ఏం మాట్లాడలే. ఈఈఈ వాళ్ళకు తెలుసు ఇది ఏందో. మూడు ఫేజుల మోటర్‌కు ఒక ఫేజులో వోల్టేజీ పడిపోతే కరెంటు సమానంగా పారదు, వైండింగ్ వేడెక్కుతది, కాలిపోతది. అన్‌బ్యాలెన్స్ అని మెషీన్స్ సబ్జెక్ట్‌లో చదువుకున్నదే. ఈ పిల్ల దాన్ని పొలంలో పట్టుకుంది. కొలిచింది, రాసుకుంది, కారణం కనుక్కుంది, సంబంధించిన మనిషితో పని చేయించింది, తర్వాత సరిపోయిందా లేదా చూసింది. ఇంజినీర్ ఉద్యోగం అంటే ఇదే. ఇది మాత్రం రెజ్యూమెలో లేదు! రానే రాని జావా ఉంది.

'ఇది రాయి' అన్న. దానికి ఆమె, 'పొలం పని రెజ్యూమెల రాస్తారా అన్నా? నవ్వరా?' అంది.

ఈ మాట నేను చాలామంది దగ్గర విన్న. మన ఇండ్లల్ల మనమే మొదటి ఇంజినీర్లం. పొలం, మగ్గం, లేబర్ పని, ఇవన్నీ దాచుకోవాల్సినవని ఎవరో మన బుర్రలో పెట్టిన్రు. నవ్వేటోడు నవ్వుతడు, వానితోని మనకు పని లేదు. మోటర్లు, ప్యానెల్ బోర్డులు తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఈ ఒక్క సంగతి పట్టుకొని పది ప్రశ్నలు అడుగుతడు.

ఆ రోజు మేమిద్దరం కూర్చొని రాసింది ఇదీ. ఇంగ్లీష్‌లో రాసినం, నేను తెలుగులో చెప్తున్న: '5 హెచ్‌పీ బోరు మోటర్ ఏడాదిలో మూడుసార్లు కాలిపోవడానికి కారణం కనుక్కోవడం. 21 రోజులు, రోజుకు మూడుసార్లు, మూడు ఫేజుల వోల్టేజీ కొలిచి నమోదు చేశాను. ఒక ఫేజులో 45 వోల్టుల దాకా లోటు గుర్తించాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లూజు కనెక్షన్ సరిచేయించాక ఏడు నెలలుగా మోటర్ కాలలేదు.' హెడ్డింగ్ ఫీల్డ్ ప్రాజెక్ట్ అని పెట్టినం. జావా, సీ ప్లస్ ప్లస్ తీసేసినం. మ్యాట్‌ల్యాబ్ ల్యాబ్‌లో నిజంగానే చేసింది, అది ఉంచినం.

ఆ రెజ్యూమెతో ఒక ప్యానెల్ బోర్డుల కంపెనీ నుంచి కాల్ వచ్చింది. ఇంటర్వ్యూ సగం మోటర్ మీదనే నడిచిందట. అక్కడ జాబ్ రాలే. రెండో చోట వచ్చింది. ఒక్క పేరాతో జాబులు రాలవు, కానీ మాట్లాడనీకి ఒక సంగతి దొరుకుతది. ఇంకో విషయం, ఈ కథ విని ఎవరూ పోయి స్టార్టర్ డబ్బాలో చేతులు పెట్టకండి. ఆమె ఈఈఈ, మీటర్ పట్టుకోవడం వచ్చు.

ఆ పేరాలో ఏమున్నదో గమనించిన్రా? ఇబ్బంది ఏంది, నేనేం చేసిన, ఎన్నిసార్లు, చివరికి ఏమైంది. 'హార్డ్ వర్కింగ్' అన్న మాట లేదు. కానీ 21 రోజులు రోజుకు మూడుసార్లు కొలిచిన మనిషి హార్డ్ వర్కింగ్ అని చదివేటోనికి అర్థం కాదా?

మీకందరికీ తెలిసిన మనిషితో ఇంకోసారి చేసి చూద్దాం. చింతకింది మల్లేశం గారు. ప్రియదర్శి హీరోగా 2019లో సినిమా కూడా వచ్చింది కదా, ఆయనే. ఊరు శారాజీపేట, ఆలేరు దగ్గర. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టక ముందు మన నల్గొండే. చదువు ఆరో తరగతితో ఆగింది. ఆయన రెజ్యూమె రాయాలనుకోండి, ఆ జిరాక్స్ షాపు ఫార్మాట్‌లో ఏం వస్తది? మార్కుల టేబుల్‌లో రాయనీకి ఏముండదు. స్ట్రెంగ్త్స్: హార్డ్ వర్కింగ్. అయిపోయింది.

ఇప్పుడు మన పద్ధతిలో రాద్దాం. పోచంపల్లి చీర నేయాలంటే, రంగులద్దే ముందు దారాన్ని ఆసు పోయాలి. అంటే చట్రానికి ఉన్న పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు తిరగాలి. వాళ్ళ అమ్మ లక్ష్మి గారు ఆ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడేది. ఈయన 1992లో మొదలుపెట్టి 1999లో ఆ పని చేసే యంత్రం పూర్తి చేసిండు. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పద్మశ్రీ పక్కన పెట్టండి. అది లేకపోయినా, 'చేతితో తొమ్మిది వేల కదలికలు, నాలుగైదు గంటల నుంచి గంటన్నర' అన్న లైను చాలు, ఏ మెకానికల్ ఇంజినీర్ అయినా కుర్చీలో ముందుకు వంగుతడు. క్విక్ లర్నర్ అని రాసే పనే లేదు. ఒక లెక్కన చూస్తే ఆయన క్విక్ కూడా కాదు, ఏడేళ్ళు పట్టింది!

మీరు మల్లేశం గారంత చేసి ఉండాలని నేను అంటలే. చేసింది ఎంత చిన్నదైనా రాసే తీరు ఇదే అంటున్న.

ఇప్పుడు పాలమూరు దిక్కు వద్దాం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, ముంబై, పుణెలో బిల్డింగులు, మనోళ్ళ చెయ్యి పడని చోటు తక్కువ. నారాయణపేట దిక్కు ఒక తమ్ముడు సివిల్ చదివిండు. వాళ్ళ నాయిన పుణెలో సెంట్రింగ్ మేస్త్రి. మూడు ఎండాకాలాలు ఈ తమ్ముడు నాయిన దగ్గరికి పోయి సైట్‌లో పని చేసిండు. రాడ్డు కట్టిండు, స్లాబ్ పోసేటప్పుడు లెవెల్ చూసిండు, కూలీల హాజరు పుస్తకం రాసిండు. రెజ్యూమెలో మాత్రం ఎక్స్‌పీరియెన్స్ దగ్గర 'నిల్' అని ఉంది. హాబీ: రీడింగ్ బుక్స్. ఏ బుక్ చదివినవ్ అంటే నవ్విండు.

సివిల్ ఫ్రెషర్లలో ఎంతమంది స్లాబ్ పోసేటప్పుడు కింద నిలబడి చూసి ఉంటరు? చాలామంది డ్రాయింగ్‌లోనే చూసుంటరు. ఈయన బార్ బెండింగ్ షెడ్యూల్ కాగితం మీద లెక్క కట్టగలడు, సైట్‌లో ఆ రాడ్డు ఎందుకు మిగిలిపోయిందో కూడా చెప్పగలడు. 'సైట్ అసిస్టెంట్, నివాస భవనం, పుణె, మూడు వేసవులు' అని నెలలతో సహా రాయించిన. కూలీగా చేసినా అది పనే. సైట్ ఇంజినీర్ అని మాత్రం రాయొద్దన్న. ఉన్నంత వరకే రాయాలె. దానికి రంగు పూయబోతే మొత్తం మీద అనుమానం వస్తది.

అట్లనే సెలవుల్లో మీసేవలో డేటా ఎంట్రీ చేసినోళ్ళు, పిల్లలకు ట్యూషన్ చెప్పినోళ్ళు, జిన్నింగ్ మిల్లులో తూకం రాసినోళ్ళు, డెలివరీ చేసినోళ్ళు ఉంటరు. రాయండి. ఒకటి, రెండు లైన్లు చాలు. డబ్బులు తీసుకొని టైముకు పోయి పని చేసిన్రు అంటే దానికో విలువ ఉంటది.

భాషలు కూడా. మనోళ్ళు తెలుగు, హిందీ, ఇంగ్లీష్ అని రాసి వదిలేస్తరు. మక్తల్, కృష్ణ దిక్కు పిల్లలకు కన్నడ వస్తది. బెంగళూరు జాబుకు అప్లై చేస్తూ అది రాయకపోతే ఎట్ల? మహబూబ్‌నగర్ టౌన్ పిల్లలకు ఉర్దూ వస్తది, తండాల నుంచి వచ్చినోళ్ళకు లంబాడీ వస్తది. రాయండి. ఇంగ్లీష్ దగ్గర మాత్రం 'ఫ్లూయెంట్' అని కొట్టకండి. చదవగలను, రాయగలను, మాట్లాడటం నేర్చుకుంటున్న అంటే తప్పేం లేదు. ఫోన్ ఎత్తిన మొదటి నిమిషంలోనే అసలు సంగతి తెలిసిపోతది.

ఇగ సీఎస్ఈ వాళ్ళ సంగతి. ఇది కొంచెం చేదుగా ఉంటది.

మేజర్ ప్రాజెక్ట్. అందరికీ తెలిసిన రహస్యం. నలుగురు బ్యాచ్, తలా ఇంత వేసుకొని అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ప్రాజెక్ట్ కొనుక్కొస్తరు. కోడ్, డాక్యుమెంట్, పీపీటీ అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తరు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టం, క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్ డిటెక్షన్, ఫేక్ న్యూస్ డిటెక్షన్. ఇవి నేను ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు. ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న, 'ఇందులో నువ్వు ఏం చేసినవ్?' రెండోది, 'ఎక్కడ ఫెయిల్ అయితది?' నిజంగా చేసినోనికి రెండో ప్రశ్న ఇష్టం. వాడు అరగంట చెప్తడు. కొనుక్కొచ్చినోడు అక్కడ ఆగిపోతడు.

ఇప్పటికే కొన్నోళ్ళు ఏం చేయాలె? చెప్తా. ఆ కోడ్ ఇంకా మీ దగ్గర ఉంది కదా, దాన్ని రెండు వారాలు పట్టుకోండి. ఫేస్ రికగ్నిషన్ అనుకోండి. మీ దోస్తులు ఇరవై మందిని అడిగి ఫోటోలు తీయండి. పగటి వెలుతురులో ఒక సెట్, రూములో ట్యూబ్‌లైట్ కింద ఒక సెట్. ఎంతమందిని సరిగ్గా గుర్తుపట్టింది, ఎంతమందిని తప్పు పట్టింది, రాసుకోండి. గడ్డం పెంచినోన్ని పట్టిందా? స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిని పట్టిందా? తప్పు ఎక్కడ వస్తుందో తెలిశాక ఒక్కటంటే ఒక్కటి మార్చి చూడండి. బాగైందా, ఇంకా పాడైందా? పాడైనా పర్లేదు, ఎందుకు పాడైందో చెప్పగలగాలె. అది గిట్‌హబ్‌లో పెట్టి, కింద సాదా ఇంగ్లీష్‌లో పది లైన్లు రాయండి: బేస్ కోడ్ ఎక్కడిది, నేను చేసిన మార్పు ఏంది, వచ్చిన రిజల్ట్ ఏంది. బేస్ కోడ్ బయటిది అని రాస్తే విలువ తగ్గుతదని భయపడకండి. ఆఫీసుల్లో రోజూ చేసే పని అదే, వేరేటోళ్ళు రాసిన కోడ్ అర్థం చేసుకొని మార్చుడు. ఆ రెండు వారాల తర్వాత ఆ ప్రాజెక్ట్‌లో ఒక ముక్క నిజంగా మీది అయితది. రెజ్యూమెలో ఆ ముక్కే రాయండి.

మార్కుల గురించి ఒకటి తప్పకుండా చెప్పాలె. చాలామంది సీజీపీఏను పదితో గుణించి పర్సెంటేజ్ రాస్తున్నరు. 7.2 ఉంటే 72 శాతం అని. జేఎన్‌టీయూహెచ్ ఫార్ములా అది కాదు. సీజీపీఏలో నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలె. అంటే 7.2కు 67 శాతం. 6.5కు సరిగ్గా 60. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం అడిగే కంపెనీలు చాలా ఉన్నయి. ఆన్‌లైన్ ఫారంలో మీరు 64 అని కొట్టి, తర్వాత సీఎంఎం చూపించినప్పుడు 59 అని తేలితే అబద్ధం చెప్పినట్టే లెక్క. కావాలని చేయలేదని మీరు ఎంత చెప్పినా వినరు. మీది వేరే యూనివర్సిటీ అయితే, పాలమూరు యూనివర్సిటీ కానీ మహాత్మా గాంధీ యూనివర్సిటీ కానీ, మీ రెగ్యులేషన్‌లో ఫార్ములా చూసుకొని రాయండి. అనుమానం ఉంటే సీజీపీఏ ఉన్నదున్నట్టు రాసి వదిలేయండి.

సీజీపీఏ తక్కువ ఉందా? రెజ్యూమెలో రాయకపోవడం మీ ఇష్టం, నేరం కాదు. అడిగినప్పుడు మాత్రం సరిగ్గా చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్. మన భాషలో 'ఫేక్ పెట్టడం'. హాస్టల్‌లో ఎవరో చెప్తరు, 'మావాడు రెండేళ్ళు ఫేక్ పెట్టి జాబ్ కొట్టిండు, నువ్వు ఫ్రెషర్ అని తిరుగుతూ కూర్చో' అని. ఒక కన్సల్టెన్సీ, ఒక లెటర్‌హెడ్, పేస్లిప్పులు, దానికింత రేటు. ఇంట్లో తోట మీద అప్పు తెచ్చి, అమ్మ పుస్తెలు కుదువ పెట్టి ఈ డబ్బులు కట్టినోళ్ళు నాకు తెలుసు.

నీతి పక్కన పెట్టి, ఇది ఎట్ల దొరుకుతదో చెప్తా వినండి. ఒక మోస్తరు కంపెనీలో పని చేస్తే మీకు పీఎఫ్ ఉంటది, దానికి యూఏఎన్ అని ఒక నంబర్ ఉంటది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరిన్రు, ఎప్పుడు మానేసిన్రు అన్నీ ఆ నంబర్ కింద సర్వీస్ హిస్టరీలో కనిపిస్తయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేటోళ్ళు ముందు అడిగేది అదే. రెండేళ్ళ అనుభవం అంటున్నవ్, పీఎఫ్ ఏది? జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్ ఏది? కొన్నిసార్లు చేరిన మూడు, నాలుగు నెలల తర్వాత రిపోర్ట్ వస్తది. ఆ రోజు మధ్యాహ్నమే ల్యాప్‌టాప్ తీసేసుకుంటరు. ఊర్లో అందరికీ స్వీట్లు పంచి ఉంటరు అప్పటికే. ఇంటికి పోయి ఏం చెప్తరు?

'మావాడు దొరకలే' అంటరు. ఉండొచ్చు. వాడు రోజూ ఎట్ల నిద్రపోతున్నడో అడగండి ఒకసారి.

ఎక్స్‌పీరియెన్స్ నిజంగానే కావాలంటే దారులున్నయి. మనోళ్ళు ఎక్కువ పట్టించుకోనిది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిస్ చట్టం కింద నడుస్తది. నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలె, ఫ్రీ. మామూలుగా ఏడాది, నెలకు స్టైపెండ్ ఇస్తరు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు కూడా ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటయి. పర్మనెంట్ చేస్తరని గ్యారంటీ లేదు, అది ముందే తెలుసుకొని పోండి. కానీ ఏడాది తర్వాత మీ చేతిలో ఉండేది నిజమైన సర్టిఫికెట్, ఎవరు ఎక్కడ వెరిఫై చేసుకున్నా నిలబడతది. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ వాళ్ళు ముఖ్యంగా చూడండి.

ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఫ్రీగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే ఎగ్జామ్ ఫీజు కట్టి సెంటర్‌కు పోయి రాయాలె. యాప్‌లో రెండు గంటల వీడియో చూస్తే వచ్చే పది సర్టిఫికెట్ల కన్నా అట్ల కూర్చొని రాసింది ఒక్కటి మేలు. మన రాష్ట్ర ప్రభుత్వం 2014లో పెట్టిన టాస్క్ ఉంది, మీ కాలేజీ అందులో రిజిస్టర్ అయి ఉంటే ట్రైనింగులు ఉంటయి, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగండి. దివిటిపల్లిలో ఐటీ టవర్ 2023 మేలో, నల్గొండ ఐటీ టవర్ అదే ఏడాది అక్టోబర్ 2న ఓపెన్ అయినయి. అక్కడ చిన్న కంపెనీలు ఉంటయి. జీతం హైదరాబాద్ అంత ఉండకపోవచ్చు. కానీ చిన్న కంపెనీ వానికి 'వీడు మానేసి పోడు కదా' అన్న భయం ఎక్కువ. మీరు అక్కడోళ్ళే అయితే రెజ్యూమె పైన ఊరి పేరు కనిపించేటట్టు రాయండి. అక్కడ అది మీకు ప్లస్.

ల్యాప్‌టాప్ లేదు అనేటోళ్ళకు. ఫోన్‌లోనే అయితది. గూగుల్ డాక్స్ యాప్ వేసుకోండి, ఖాళీ పేజీ తీసుకోండి, ఒక్క పేజీలో ముగించండి. రెండు కాలమ్‌లు, రంగు డబ్బాలు, స్కిల్ పక్కన ఐదు చుక్కల్లో నాలుగు నింపడం లాంటివి వద్దు. పెద్ద కంపెనీలు రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తయి, దానికి ఈ డిజైన్లు గందరగోళం. అయినా జావాలో ఐదుకు నాలుగు చుక్కలంటే అర్థం ఏందో నాకిప్పటికీ తెల్వదు. పీడీఎఫ్ చేసి పంపండి. ఫైల్ పేరు 'రెజ్యూమె ఫైనల్ న్యూ 3' అని కాకుండా మీ పేరు, బ్రాంచ్ పెట్టండి. మెయిల్ ఐడీలో హీరో పేరు ఉంటే కొత్తది చేసుకోండి, ఫ్యాన్సే, కాదనట్లే. ట్రూకాలర్‌లో మీ పేరు ఎట్ల కనిపిస్తుందో కూడా చూసుకోండి. ఒక తమ్ముని నంబర్ కొడితే 'డేంజర్ బాయ్' అని వచ్చింది.

చివరిగా గ్యాప్ గురించి, చాలామంది అడుగుతున్నరు. బీటెక్ అయ్యాక రెండేళ్ళు గ్రూప్స్‌కు, ఎస్ఐకి ప్రిపేర్ అయిన్రు, రాలే, ఇప్పుడు ప్రైవేట్ జాబ్ చూస్తున్నరు. ఆ రెండేళ్ళను ఎట్ల దాచాలె అని. దాచకండి. 'ప్రభుత్వ పోటీ పరీక్షల ప్రిపరేషన్' అని నెలలు, సంవత్సరాలతో ఒక లైన్ రాయండి. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో జరిగి రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ జరిగి మళ్ళీ రద్దయింది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసే ఎవరికైనా ఈ కథ తెలుసు, చాలామంది ఇంట్లో ఒకరు రాసే ఉంటరు. ఆ లైన్ కింద ఇంకో లైన్ ఉండాలె: ఈ మూడు నెలల నుంచి మళ్ళీ టెక్నికల్ సైడ్ ఏం చేస్తున్నరో. అది లేకపోతే మాత్రం ఈ రోజే ఏదో ఒకటి మొదలుపెట్టి, ఆ తేదీ రాసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' చూద్దాం. ఉంటా మరి.